మెట్ల మలుపులో పచ్చ దీపం

గోరువెచ్చని నీళ్ళలో తినే సోడా కలిపి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షును అందులో ముంచి, తీగక్క బ్యాటరీ కొనల మీద పేరుకున్న పొడిని రుద్దుతోంది. తెల్లని పొడి బుసబుసమని పొంగి, నీలి నురగగా మారి, కింద పరిచిన పాత గుడ్డలోకి జారుతోంది. పని మొదలుపెట్టే ముందే బ్యాటరీ మూతలన్నీ బిగించి ఉన్నాయో లేదో రెండుసార్లు వేలితో తడిమి చూసింది. సోడా చుక్క లోపల పడితే దాని కడుపు పాడవుతుంది.

మంచం మీద కూర్చున్న ఇంటి అత్తగారు చాలాసేపు ఊరుకుని చూసింది. ఊరుకోవడం ఆవిడకు అలవాటు లేదు.

"పళ్ళు తోముతున్నావా దానికి?"

"దీనికున్నవి రెండే పళ్ళు పిన్నిగారూ. తోమకపోతే తిండి లోపలికి పోదు."

"నాకు ఎనిమిదున్నాయి. వాటినెవరూ ఇంత ముద్దుగా చూడలేదు."

తీగక్క నవ్వింది కానీ చేయి ఆపలేదు. నురగ కింద సీసం తళుక్కుమనేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కొనలకు పలుచగా వాజలీను రాసింది. అప్పుడు లేచి నడుం పట్టుకుంది.

ఆమె అసలు పేరు రేషన్ కార్డులో ఉండాలి. ఆ కార్డు ఎక్కడుందో ఆమెకే తెలియదు. కుడి మణికట్టుకు గాజులకు బదులు రెండు చుట్లు రాగితీగ ఉంటుంది కాబట్టి అందరికీ తీగక్క. ఆమెకంటే పదిహేనేళ్ళు పెద్దయిన ఈ అత్తగారికి కూడా అక్కే.

పద్దెనిమిదేళ్ళు ఆమె ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టే కార్ఖానాలో పనిచేసింది. పొడవాటి షెడ్డు, పైన మురికి గాజు పలకలు, ఆ పలకల్లోంచి దిగే పాలిపోయిన ఎండ, ముప్పైమంది ఆడవాళ్ళ ముందు తిరిగే ముప్పై రాట్నాలు. చుట్టు మీద చుట్టు, పొర మీద పొర. లెక్క తప్పితే మొత్తం విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టాలి. అందుకని ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. ఆ షెడ్డులో ఆమె నేర్చుకున్నది ఒకటే, చేతులు పనిలో ఉండగా మనసుకు సెలవు ఇవ్వవచ్చని. వేళ్ళు పన్నెండు వందల చుట్ల దగ్గరికి వచ్చేసరికి మనసు ఎక్కడెక్కడో తిరిగి వచ్చేది. లెక్క మాత్రం తప్పేది కాదు.

కార్ఖానా మూతపడ్డాక, ఎవరో పారేసిన ఇన్వర్టర్ ఒకటి ఇంటికి తెచ్చుకుని విప్పింది. నేర్పేవాళ్ళు లేరు. లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలను మాత్రం చూడగానే గుర్తుపట్టింది, చిన్నప్పటి స్నేహితురాలిని సంతలో గుర్తుపట్టినట్టు. అక్కడినుంచి ఒక్కొక్క తీగ పట్టుకుని పోయి, ఏది ఎక్కడినుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో కాపీ పుస్తకంలో గీసుకుంది. మూడు నెలలకు అది మేలుకుంది. అప్పటినుంచి ఒక భవనం మెట్ల కింద, మంచమంత చోటులో ఆమె దుకాణం.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆ ఇంటి వంశవృక్షం గీస్తుంది. పైన బ్యాటరీ. దాని బిడ్డ ఇన్వర్టర్. ఆ బిడ్డకు మళ్ళీ బిడ్డలు, కంప్యూటర్, రౌటర్, ఒక దీపం, ఒక పంకా. ఎవరు ఎవరి పాలు తాగుతున్నారో కాగితం మీద తేలనిదే పనిముట్లు తీయదు. ఈ ఇంటి చెట్టులో ఒక దొంగ కొమ్మ దొరికింది. అత్తగారి టీవీ.

"ఇదెవరు కలిపారిక్కడ?" అని అడిగింది తీగక్క.

అత్తగారు కిటికీ వైపు చూసింది. "దానంతటదే వచ్చి ఉంటుంది."

కోడలు వంటగదిలోంచి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉన్న మనిషి. మాట మెల్లగా వస్తుంది, టైపు మాత్రం వానలా కురుస్తుందని చుట్టుపక్కల చెప్పుకుంటారు.

"అత్తయ్యా, సోమవారం ఒక్కరోజుకి టీవీ వద్దు. ఒక్కరోజు."

"నేనేమన్నానే? తియ్యమనే అంటున్నా. నేనూ గోడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటాం."

సోమవారం సంగతి కోడలు అప్పటికే తీగక్కకు చెప్పి ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి సోమవారం నుంచి మూడు రోజులు, పొద్దున పదింటినుంచి సాయంత్రం ఆరింటిదాకా కరెంటు ఉండదని గేటుకు కాగితం అంటించారు. సరిగ్గా ఆ సోమవారం మధ్యాహ్నం రెండింటికి కోడలి కొత్త ఉద్యోగానికి పరీక్ష. చెవులు వినపడని విద్యార్థుల కోసం, ఎక్కడో తరగతి గదిలో మాస్టారు చెప్పే పాఠాన్ని ఈమె ఇక్కడినుంచి వింటూ అప్పటికప్పుడు టైపు చేయాలి. వాళ్ళు తమ తెరల మీద చదువుకుంటారు. రెండు గంటలు.

"మధ్యలో ఒక్కసారి తెగినా ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారక్కా. ఇలాంటిది మళ్ళీ రాదు. ఇంట్లోంచే చేసుకోవచ్చు, ఈవిణ్ణి వదిలి పోనక్కర్లేదు" అంది కోడలు. 'ఈవిణ్ణి' అన్నప్పుడు గొంతు కొంచెం తగ్గించింది కానీ అత్తగారికి వినపడింది. ఆవిడ టీవీ తీగ మాట మళ్ళీ ఎత్తలేదు.

తీగక్కకు ఒక నియమం ఉంది. బ్యాటరీ మీద అచ్చువేసిన అంకెలను ఆమె నమ్మదు. కరెంటు ఉన్న రోజునే ఇంటి మెయిన్ స్విచ్ తానే ఆపేసి, ఆ ఇంటికి ఎంతసేపు కావాలో అంతసేపూ అక్కడే కూర్చుంటుంది. దానికామె పెట్టిన పేరు కాపు. కాపు కాయనిదే ఏ పనీ అప్పగించదు.

ఆదివారం కాపు కాసింది. మొదటిసారి స్విచ్ ఆపగానే కంప్యూటర్ ఉలిక్కిపడి ఆరిపోయి, మళ్ళీ మొదటినుంచి లేచింది. ఇన్వర్టర్ వెనక, కరెంటు పోయిన క్షణమే బ్యాటరీ అందుకునేలా చేసే చిన్న మీట ఒకటి ఉంటుంది, చాలామంది దాని మొహం కూడా చూడరు. దాన్ని ఇటు జరిపి మళ్ళీ ఆపింది. ఈసారి తెర రెప్ప కూడా వేయలేదు. ఇక కూర్చుంది.

ఇల్లు మెల్లగా నిశ్శబ్దంలోకి దిగింది. ముందు ఫ్రిజ్ గొణుగుడు ఆగింది. తరువాత ఎక్కడో సన్నగా కూస్తున్న దేనిదో కూత ఆగింది, అది ఆగేదాకా అది ఉందని ఎవరికీ తెలియదు. కర్ర కుర్చీ, నీళ్ళ సీసా, తలుపు వెనక తగిలించిన గొడుగు, అన్నీ ఒక్క అడుగు ముందుకు వచ్చి నిలబడినట్టు స్పష్టమయ్యాయి. మూలన రౌటర్ మీద పచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి. కోడలు ఏదో పాట పెట్టుకుని వింటూ టైపు చేస్తోంది. తీగక్క అరగంటకోసారి మీటరు పెట్టి అంకె రాసుకుంది. మిగతా సమయమంతా నేల మీద ఎండ ముక్క పలక నుంచి పలకకు జరగడం చూసింది. రెండున్నర గంటలు. బ్యాటరీ సగం కూడా దిగలేదు. చెట్టు బొమ్మలో రౌటర్ దగ్గరినుంచి కిటికీ వైపు ఒక బాణం గీసి, నీలం తీగ బయటికి, అని రాసి పుస్తకం మూసింది.

సోమవారం పదింటికి దుకాణంలో పంకా రెక్కలు నెమ్మదించి, ఒక్కొక్కటిగా కంటికి కనిపించి, ఆగిపోయాయి. ఆ క్షణమంటే తీగక్కకు ఇష్టం, ఆ మాట పైకి ఎవరితోనూ అనదు. వీధి మొత్తం ఊపిరి వదిలినట్టు ఉంటుంది. ఎదురుగా దర్జీ యంత్రం ఆగింది. పిట్టల గొడవ ఉన్నట్టుండి దగ్గరికి వచ్చింది. ఆ మెత్తదనంలో ఆమె పది నిమిషాలు కూర్చుందో లేదో ఫోను మోగింది.

"అక్కా, అన్నీ వెలుగుతున్నాయి. నెట్ లేదు."

"రౌటర్?"

"పచ్చగానే ఉంది. నెట్ దీపం ఒక్కటే ఎర్రగా ఉంది."

తీగక్క సంచీ భుజాన వేసుకుంది. దారి పొడుగునా ఆమె మనసులో నిన్నటి బాణం, కిటికీ అంచు దాటి గాలిలో వేలాడుతూ కనిపించింది. నిన్న ఆమె ఆపింది ఈ ఒక్క ఇంటి స్విచ్. మెట్లకు, మిద్దెకు, పక్కిళ్ళకు కరెంటు నిక్షేపంగా ఉంది. నీలం తీగ అవతలి కొస ఎవరి పాలు తాగుతోందో ఆమె చూడలేదు.

గుమ్మంలోకి అడుగుపెట్టగానే చెప్పేసింది.

"తప్పు నాది."

"రెండున్నర గంటలు కూర్చుని ఏం చూశావే మరి?" అంది అత్తగారు.

"ఇంటిని చూశాను. ఇల్లు గుమ్మం దగ్గర అయిపోతుందనుకున్నాను."

ఫోను నెట్ కలిపి చూశానని కోడలు చెప్పింది. వీధి మొత్తం ఇప్పుడు ఫోన్ల మీదే పడింది. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది, వాక్యంలో సగం మింగేస్తోంది. మాస్టారి మాటల్లో సగం మింగేస్తే ఆ పిల్లలకు మిగిలేది ఏమీ లేదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వేళ్ళు మాత్రం కదులుతున్నాయి, లేని మీటల మీద.

తీగక్క నీలం తీగను పట్టుకుని బయలుదేరింది. కిటికీ మూలలోంచి బయటికి పోయి, గోడ వారగా పైకెక్కి, వెంటిలేటర్‌లోంచి మెట్ల దారిలోకి దూరి, మూడో అంతస్తు దాటి మిద్దె తలుపు ముందున్న మలుపు దాకా పోయింది. అక్కడ గోడకు బూడిదరంగు ఇనుప పెట్టె. భవనంలోని నీలం తీగలన్నీ ఆ పెట్టెలోకి పోతున్నాయి. వీధిలోంచి ఒక నల్లటి సన్న తీగ దిగుతోంది, దాని లోపల వెంట్రుకంత గాజు పోగు, ఊళ్ళోని మాటలన్నీ ఆ పోగులోంచే రావాలి. పెట్టె అడుగునుంచి ఇంకొక తీగ పక్కనున్న మెట్ల దీపం సాకెట్‌కు పోతోంది. ఆ సాకెట్‌లో ఇప్పుడు కరెంటు లేదు. లోపల చిన్న బ్యాటరీ ఉండి ఉండాలి, అది ఎప్పుడో కన్నుమూసి ఉంటుంది.

పెట్టెకు తాళం. గోరంత తాళం. స్క్రూడ్రైవర్ పెట్టి మెలిపెడితే ఊడివస్తుంది.

వెనకే మెట్లెక్కి వచ్చిన అత్తగారు ఆయాసపడుతూ అదే మాట అంది. "లాగెయ్. ఎవరడుగుతారు?"

"పరాయి పెట్టె పిన్నిగారూ. నాలుగిళ్ళవాళ్ళ తీగలున్నాయి అందులో."

ఆ పెట్టెలు చూసుకునే నెట్ కంపెనీ లైన్‌మన్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పదకొండున్నరకు ఎత్తాడు.

"అక్కా, నీ ఒక్క పెట్టేనా? ఈ వీధిలో నావి పద్నాలుగు పెట్టెలు పడుకున్నాయి. నన్నూ పడుకోనీ."

"నువ్వు పడుకుందువుగాని. తాళంచెవి ఇచ్చి పడుకో."

"నా దగ్గర బ్యాటరీ లేదు. తాళం తీసి ఏం చేస్తాం, లోపల గాలి పోనిస్తామా?"

"బ్యాటరీ నేను తెస్తాను. నువ్వు తమ్ముడివి, ఒంటి గంటకల్లా రా. ఒక పిల్ల ఉద్యోగం నీ తాళంచెవికి వేలాడుతోంది."

అవతల బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. "వస్తాలే" అన్నాడు.

తాళం బయట చేయగలిగిన పనంతా తీగక్క చేసి పెట్టింది. దుకాణానికి పోయి తన పని దీపానికి పెట్టుకున్న బ్యాటరీ విప్పింది. బాగుచేతకు వచ్చినవి ఇంకా రెండున్నాయి కానీ అవి వేరేవాళ్ళవి. మీటరు పెట్టి చూసింది, నిండుగా ఉంది. ఎర్ర తీగా నల్ల తీగా కొలిచి కోసి, ఎర్రదాని మధ్యలో ఫ్యూజు పెట్టి, కొనలకు టంకం వేసింది. కరెంటు లేదు కాబట్టి టంకం కడ్డీని గ్యాసు పొయ్యి మీద కాల్చుకుంది, పాతకాలం పద్ధతి. బ్యాటరీని గుడ్డసంచీలో పెట్టుకుని మూడంతస్తులు ఎక్కుతుంటే రెండో మలుపులో అత్తగారు ఎదురొచ్చి సంచీ రెండో చెవి పట్టుకుంది.

"వదలండి, నడుం పట్టేస్తుంది."

"ఇప్పటికే పట్టేసింది. ఇంకేం పడుతుంది?"

ఇద్దరూ మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి తెచ్చారు.

లైన్‌మన్ ఒకటింపావుకు వచ్చాడు. నలభై దాటిన మనిషి, నుదుటి మీద హెల్మెట్ గీత. తాళం తీసి పెట్టె తలుపు తెరవగానే లోపలి చిన్న బ్యాటరీ కనపడింది, కోపంతో బుగ్గలు పొంగించినట్టు ఉబ్బి ఉంది.

"చూశావా, నా మీద అలిగింది" అన్నాడు.

"రెండేళ్ళుగా అలిగి ఉంది. నువ్వే పలకరించలేదు."

అతను దాన్ని జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టాడు. గడియారం చూసుకుని, తొందరగా తీగక్క తెచ్చిన ఎర్ర తీగను లోపలున్న రెండు తీగల్లో ఒకదానికి కలపబోయాడు. ఆ రెండూ నల్లవే. తీగక్క అతని మణికట్టు పట్టుకుంది.

"ఏది ప్లస్సు?"

"ఇదే. ఎప్పుడూ ఎడమదే."

"ఎవరు బిగించారో వాళ్ళ ఎడమా, నీ ఎడమా?"

అతను ఆగాడు. ఆమె టార్చి దగ్గరగా పెట్టి ఆ రెండు తీగలనూ వేళ్ళ మధ్య తిప్పింది. పద్దెనిమిదేళ్ళు తీగ మీద గీత కోసం వెతికిన వేళ్ళు అవి. కుడివైపుదాని మీద ధూళి కింద వెలిసిపోయిన తెల్లని గీత దొరికింది. గీతను కూడా నమ్మలేదు. లోపలి బోర్డు మీద గుర్తు దాకా తీగ వెంట పోయి, మీటరు మొనలు రెండు కొసలకూ ఆనించి, ఒకే తీగ అయితే వచ్చే కూత విని తేల్చింది. కుడిదే ప్లస్సు. లైన్‌మన్ చెప్పినట్టు కలిపి ఉంటే ఆ బోర్డు ఈపాటికి పొగ కక్కేది. అతను కొంచెం పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

ఒకటీ నలభైకి చివరి మర బిగించి ఫ్యూజు పెట్టింది. కాసేపు ఏమీ లేదు. తరువాత పెట్టె లోపల ఒక పచ్చ దీపం, దాని పక్కన ఇంకొకటి, తరువాత వరుసంతా, ఏదో దూరపు వీధిలో ఒక్కో ఇంట్లో దీపం పెడుతున్నట్టు వెలిగాయి. కిందినుంచి కోడలి గొంతు మెట్ల దారిలో గుండ్రంగా తిరుగుతూ పైకి వచ్చింది.

"అక్కా, వచ్చింది."

"పని చూసుకో. కిందికి రాను" అంది తీగక్క.

లైన్‌మన్ మిగతా పెట్టెల సంగతి చూడడానికి పోయాడు, నాలుగింటికి వస్తానన్నాడు. తాళంచెవి మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడు, పెట్టె తలుపు ఆమెకు వదిలాడు. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఈసారి సరైన చోట కాపు.

మిద్దె తలుపు సందుల్లోంచి ఎండ పొడవాటి గీతలుగా దిగుతోంది. దుమ్ము ఆ గీతల్లో ఎక్కుతోందో దిగుతోందో తెలియకుండా తేలుతోంది. కింద రెండో అంతస్తు తలుపు మూసి ఉంది. దాని వెనక ఎక్కడో మాస్టారు పాఠం చెప్తున్నాడు, ఈ భవనంలో ఒక్కరికే వినపడేలా. ఆ మాటలు వీధి మీదుగా, గాజు పోగులోంచి, తీగక్క భుజం పక్కనుంచి దిగి కోడలి చెవిలోకి పోతున్నాయి. వేళ్ళలోంచి అక్షరాలై మళ్ళీ అదే దారిన పైకి వచ్చి, వెళ్ళిపోతున్నాయి. ఆమెకు కనపడేది నాలుగో పచ్చ దీపం మిణుకుమనడం ఒక్కటే. ఒకసారి గబగబా కొట్టుకుంటుంది. ఒకసారి ఆలోచనలో పడినట్టు నెమ్మదిస్తుంది. మాస్టారు బల్ల మీద చేతులానించి ఆగాడేమో అనుకుంది. ఎవరైనా ప్రశ్న అడిగారేమో. ఏ పాఠమో తెలియదు. నదుల గురించి అయితే బాగుండునని ఎందుకో అనిపించింది.

వేళ్ళు ఊరికే ఉన్నాయి కాబట్టి మనసు తిరగడానికి పోయింది. కార్ఖానా షెడ్డు కనిపించింది, మురికి గాజుల కింద ముప్పై రాట్నాలు. ఈసారి వాటి మీద చుట్టుకుంటున్నది రాగి కాదు, సన్నటి వెలుగు. ఒక్కొక్క చుట్టుకూ ఒక మాట. ఎదురుగా వరుసలుగా కూర్చున్న పిల్లలు, వినపడని చెవులతో, ఆ చుట్లను నెమ్మదిగా విప్పుకుని చదువుకుంటున్నారు. ఎక్కడా ముడి పడలేదు. ఆమె లెక్కపెడుతూనే ఉంది.

దీపం ఒక్క క్షణం ఆగింది. తీగక్క కళ్ళు తెరిచింది. చేయి ఫ్యూజు దాకా పోయింది, ముట్టుకోలేదు. తీగ మీద వేలు ఆనించింది, చల్లగా ఉంది. మీటరు పెట్టింది, అంకె కదలలేదు. అవతల మాస్టారు నీళ్ళు తాగుతున్నాడేమో. దీపం మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మూడున్నరకు అత్తగారు చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ ఆసరాతో, శబ్దం లేకుండా పైకి వచ్చింది. గ్లాసుడు టీ చేతికిచ్చి పక్క మెట్టు మీద కూలబడి, చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది.

"గంటన్నరనుంచి నోరు మూసుకున్నా. ఛాతీలో నొప్పిగా ఉంది."

"ఇక్కడ మాట్లాడండి. కిందికి వినపడదు."

అవకాశం వచ్చాక ఆవిడకు ఏం మాట్లాడాలో తోచలేదు. దీపం వైపు చూస్తూ కూర్చుంది. "అదేనా మా పిల్ల?" అంది కాసేపటికి.

"అదే."

"ఎంత జోరుగా పోతోందే" అంది ఆవిడ.

నాలుగూ అయిదుకు దీపం నెమ్మదించింది. కింద తలుపు తెరుచుకుంది. కోడలు మెట్లెక్కి వచ్చి రెండు మెట్లు కింద ఆగింది. వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి, వాటిని ముడుస్తూ చాపుతూ ఉంది.

"ఒక్కసారి కూడా తెగలేదు. రేపూ రెండింటికే రమ్మన్నారు" అంది. తరువాత, "ఎల్లుండి కూడా. ఆ తరువాత కూడా."

అత్తగారు పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, "అయితే ఆ టీవీ అమ్మేయండి" అంది.

లైన్‌మన్ వచ్చేసరికి తీగక్క పెట్టె తలుపు లోపలివైపు కాగితం అంటించి ఉంది. కుడి తీగ ప్లస్సు. ఫ్యూజు అయిదు ఆంపియర్లు. బ్యాటరీ పెట్టిన తేదీ. అతను చదివి తల ఊపాడు. ఈ మూడు రోజులూ అయ్యాక కొత్త బ్యాటరీ తెస్తానని, అప్పుడు ఆమెది ఆమెకు ఇస్తానని చెప్పాడు.

"అదలా ఉంచు. ముందు విప్పు" అంది ఆమె.

"ఏంటి?"

"మొత్తం విప్పి నువ్వే కలుపు. నేను చూస్తాను."

"పనిచేస్తున్నదాన్ని ఎందుకక్కా?"

"రేపు మధ్యాహ్నం నేను లేకపోతే కలపాల్సింది నువ్వే కాబట్టి."

అతను నిట్టూర్చి ఫ్యూజు తీసి, తీగలు విప్పాడు. దీపాలన్నీ ఆరాయి. తీగక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుంది. అతను టార్చి నోట్లో పెట్టుకుని తెల్ల గీత వెతికాడు, దొరకలేదు, మళ్ళీ వెతికాడు. ఆమె చెప్పలేదు. దొరికింది. మీటరు పెట్టి కూత విన్నాడు. ఎర్ర తీగ, నల్ల తీగ, మరలు, చివరికి ఫ్యూజు. కాసేపు చీకటి. తరువాత ఒక పచ్చ దీపం, దాని పక్కన ఇంకొకటి.

"ఇక ఇది నీది" అని తీగక్క సంచీ అందుకుంది. అతను పెట్టె మూసి తాళం వేశాడు.